చేటెడు తవుడు

మా అమ్మను నేను "అక్కా" అని పిలిచేదాన్ని. చాలా ఇళ్లలో పిల్లలు ఎవరినో చూసి తల్లిని అక్కా అనో వదినా అనో పిలుస్తారు, పెద్దవాళ్లు నవ్వుకుని ఊరుకుంటారు. మాది అలాంటి అలవాటు కాదు, కట్టుబాటు. నేను ఆమెను "అమ్మా" అనకూడదు, ఆమె నన్ను "నా బిడ్డ" అనకూడదు. కొత్తవాళ్లెవరైనా అడిగితే నాయన కూడా "మా ఇంట్లో ఉండే పిల్ల" అని మాట దాటేసేవాడు. ఆళ్లగడ్డలో మా వీధి వాళ్లందరికీ సంగతి తెలుసు కాబట్టి ఎవరూ అడిగేవాళ్లు కాదు.

కారణం ఇదీ. నాకు ముందు మా అమ్మకు పుట్టినవాళ్లెవరూ నిలవలేదు. పురిట్లో పోయినవాళ్లు కొందరు, పాకే వయసొచ్చి ఆశ పెట్టి పోయినవాళ్లు కొందరు. అందుకని నేను పుట్టగానే మా అవ్వ, అంటే నాయనను కన్న తల్లి, మా వైపు చాలామంది చేసే పనే చేసింది. నన్ను చేటలో పడుకోబెట్టి, తెల్లవారే వేళకు ఇంటి వెనక పెంటదిబ్బ మీద పెట్టింది. ఇలా పారేసిన బిడ్డను ముందే చెప్పిపెట్టిన మనిషి ఒకామె వచ్చి ఎత్తుకుంటుంది. ఇంటివాళ్లు ఆమెకు చేటెడు తవుడు ఇస్తారు. ఆమె తవుడు తీసుకుని "అమ్మినా" అని బిడ్డను ఇచ్చేస్తుంది. అంతటితో ఆ పిల్ల ఇంట్లో పుట్టిన పిల్ల కాదు, కొనుక్కొచ్చిన పిల్ల. ఆ ఇంటి బిడ్డల కోసం వచ్చే మృత్యువు, తవుడుకు కొన్నదాన్ని చూసి ఇదెవరిదోలే అని వెళ్లిపోతుంది. ఇదీ నమ్మకం.

అవ్వ చెప్పిపెట్టింది ఒక చెంచామెకు. నల్లమల నుంచి తేనె, చింతపండు, చీపురుకట్టలు తెచ్చి మా ఇంట్లో ఇచ్చి జొన్నలు పోయించుకుని వెళ్లేది. ఆ రోజు చెప్పినట్టే వచ్చి నన్ను ఎత్తుకుంది. కాసేపటికి దొడ్డి వాకిట్లోకి వచ్చింది. అవ్వ తవుడు చేట ముందుకు పెట్టింది. ఆమె చేట వైపు చూడలేదట. నన్ను అవ్వ చేతుల్లో పెట్టి, "సాకండి. నా బిడ్డ. మల్ల వచ్చి సూసుకుంటా" అని చెప్పి వెళ్లిపోయిందట. అమ్మినా అన్న మాట మాత్రం అనలేదు.

అలా ఎవరింట్లోనూ జరగలేదు. అవ్వ ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో తవుడు చేటను పట్టుకుని నిలబడిపోయింది. తరవాత తనకు తానే సర్దిచెప్పుకుంది. "ఇది ఇంకా మేలే. కొనింటే మన పిల్ల అయ్యేది. ఇప్పుడు మనది కానే కాదు. మనది కానిదాన్ని ఆ యముడెట్ల తీస్కపోతాడు?" అంది. ఆ పూటే ఇంట్లో అందరికీ కట్టడి చేసింది. పిల్లకు పెండ్లయి గడప దాటేదాకా ఎవరూ దీన్ని మాది అనకూడదు. కన్నదానికి ఇంకా గట్టిగా చెప్పింది. నువ్వు నోరు జారినావంటే పిల్లను నువ్వే చంపుకున్నట్టు, అంది.

నాకు ముక్కు మీద కోపం. పని చెబితే తిరగబడేదాన్ని. మిగతా పిల్లలు అలాంటప్పుడు "నన్నేమన్నా తవుడుకు కొన్నారా?" అని అడుగుతారు కదా, నాకు ఆ మాట అనే భాగ్యం కూడా లేదు. నన్ను తవుడుకైనా కొనలేదు. "నేను మీ పిల్లనా, మీరు చెప్పినట్టు వినడానికి?" అనేదాన్ని. ఆ మాటకు అవ్వ ముఖం వెలిగిపోయేది. "అట్లనే అను, గట్టిగా అను, వినేటోళ్లకు వినపడాల" అనేది. తిట్టాల్సిన చోట మెచ్చుకుంటుంటే ఇంక పోట్లాడేదేముంది, చెప్పిన పని చేసేసేదాన్ని.

అహోబిలం స్వామి పారువేటకని పల్లకీలో బయల్దేరి ఊరూరూ తిరిగే రోజుల్లో చెంచులు కూడా కొండ దిగి వస్తారు. స్వామి కట్టుకున్నది వాళ్ల ఆడబిడ్డను. తన పెండ్లికి జనాన్ని పిలవడానికే ఆయన ఊళ్లు తిరుగుతాడని మావాళ్లు అంటారు. పల్లకీ మా ఊరికొచ్చేసరికి నా చెంచు అమ్మ దొడ్డి వాకిట్లో ఉండేది. అవ్వ నోరు ఊరుకునేది కాదు. "దేవునికి పిల్లనిచ్చినారు, మాకూ పిల్లనిచ్చినారు, మిమ్మల్ని పట్టేటోళ్లు ఎవురుండారు?" అని వేళాకోళం చేసేది. చెంచు అమ్మ నవ్వేది కాదు. "నా బిడ్డ యాడ?" అనేది.

నేను పరుగెత్తుకుంటూ వెళ్లేదాన్ని. ఆమె నా అరికాళ్లు చూసేది, పళ్లు చూసేది, జుట్టు పాయలు తీసి మాడు చూసేది. తరవాత ఒక్కసారి దగ్గరకు లాక్కుని వదిలేసేది. ఆమె కోకకు పొగ వాసన, తేనె వాసన. లోకంలో నేను "అమ్మా" అనగలిగింది ఆమె ఒక్కదాన్నే కాబట్టి, వచ్చిన ప్రతిసారీ నోరారా అనేదాన్ని. "అమ్మా, ఇది చూడు. అమ్మా, అది చూడు." నేను ఎంత గట్టిగా అంటే వంటింట్లో గిన్నెలు అంత గట్టిగా మోగేవి. మా అమ్మ బయటికి వచ్చేది కాదు. చెంచు అమ్మ వెళ్లేటప్పుడు మాత్రం ఆమె ఒడిలో జొన్నలు నిండుగా పోసేది, ఒక్క మాట మాట్లాడేది కాదు.

కర్నూలు రాజధాని అయిందని ఊరంతా చెప్పుకుంటున్న రోజుల్లో నాకు పెద్ద జ్వరం వచ్చింది. నాయన ఆ సంబరం చూడాలని కర్నూలు వెళ్లి ఉన్నాడు. కళ్లు తెరిస్తే మిద్దె దూలాలు తిరుగుతున్నట్టు ఉండేవి. అవ్వ తడిగుడ్డ వేస్తూ నా పక్కనే ఉంది. మా అమ్మ గడప అవతల నాకు వీపు పెట్టి కూర్చుని చేటతో చెరుగుతోంది. చెరుగుతూ, వీధిలోకి వినపడేటట్టు మాట్లాడుతోంది. "ఎవురి పిల్లో ఏమో. చెంచోళ్లది. ఊరికే సాకతాండాము, అంతే. పోతే వాళ్లది పోతాది, మాదేం పోయింది?" అదే మాట మళ్లీ మళ్లీ.

జ్వరంలో కూడా నాకు ఒళ్లు మండింది. మంచినీళ్లు అడగడానికి కూడా మనసు రాలేదు. నా పాటికి నేను లేచి కుండ దగ్గరికి వెళ్లాలని గోడ పట్టుకుని గడప దాకా వచ్చాను. అక్కడినుంచి ఆమె ఒడిలోకి చూశాను. చేటలో గింజ లేదు. ఉత్త చేట. ఉత్త చేటను ఎగరేస్తూ, దించుతూ, ఎగరేస్తూ ఉంది. చెంపలు తడిసి మెడ దాకా కారుతున్నా గొంతు మాత్రం ఎక్కడా వణకడం లేదు. "పోతే పోనీ, మాకేం" అంటూనే ఉంది.

నేను మళ్లీ వెళ్లి పడుకున్నాను. అప్పుడు నాకు అర్థమైందని చెప్పలేను. కానీ ఆ ఉత్త చేటను చూసినప్పటినుంచి ఆమె ఏమన్నా నాకు కోపం రాలేదు. ఒక మనిషి ఇంత ప్రేమను ఇంత కాలం నోరు దాటకుండా పట్టుకోగలదా అని ఈ వయసులో కూడా నాకు ఆశ్చర్యమే. నేనైతే ఒక్క పూట కూడా పట్టుకోలేను.

జ్వరం తగ్గాక నన్ను నంద్యాలలో చదువుకు పెట్టారు. అక్కడ మా చిన్నమ్మ ఉంది, అంటే మా అమ్మ చెల్లెలు. చిన్నాయనకు ఏదో ఆఫీసులో ఉద్యోగం. చొక్కా లోపలికి దోపుకుని, రోజూ పేపరు చదివి, మా ఊరి సంగతులన్నిటికీ నవ్వే మనిషి. బడిలో చేర్చిన రోజు పంతులమ్మ అందరినీ అడిగినట్టే నన్నూ మీ అమ్మ పేరేమిటి అని అడిగింది. "ఏ అమ్మ?" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. నేను తమాషాకు అనలేదు. నాకు నిజంగానే ఎవరి పేరు చెప్పాలో తెలియలేదు. ఇంట్లో అక్క సంగతి, చెంచు అమ్మ సంగతి చెప్పేసరికి పంతులమ్మ ఇంకా గట్టిగా నవ్వింది. సాయంత్రానికి నాకు "చెంచుపిల్ల" అని పేరు పడిపోయింది.

చిన్నమ్మ మంచిదే, కానీ నలుగురి నోటికీ భయపడే మనిషి. "ఊర్లో కథలు ఈడ చెప్పాకు. నలుగురితో పాటు నారాయణా అనల్ల, గుంపుతో పాటు గోవిందా అనల్ల. అప్పుడే బతుకు సుకంగా పోతాది" అనేది. నేను నారాయణా అన్నాను, గోవిందా అన్నాను. అందరిలాగే రెండు జడలు వేసి రిబ్బన్లు మడిచి కట్టాను. "యాడ" మానేసి "ఎక్కడ" అన్నాను. అందరూ పోయే దారిలో పోయి, అందరూ కొనుక్కునే రేగుపండ్లు కొనుక్కున్నాను. బడి వదిలాక రైలుగేటు దగ్గర డోన్ నుంచి వచ్చే బండి కోసం గేటు వేస్తే అందరం వరసగా నిలబడేవాళ్లం. ఆ వరసలో ఒకే రకం జడలు, ఒకే రకం సంచులు. వెనకనుంచి చూస్తే ఇందులో నేనెవరో మా అమ్మయినా గుర్తుపడుతుందా అనిపించేది. వెంటనే ఏ అమ్మ అన్న ప్రశ్న వచ్చేది. నలుగురిలో ఎంత కలిసినా ఆ ప్రశ్న ఒక్కటి నాతోనే మిగిలేది.

అందరికీ తమ సంగతి చెప్పుకోవడానికి ఒక మొదలు ఉంటుంది. ఫలానావాళ్ల కూతుర్ని అంటారు, ఇంక మిగతాదంతా దాని మీద నిలబడుతుంది. నాకు ఆ మొదలే లేదు. కొన్ని రోజులు అది గొప్పగా ఉండేది. ఎవరి పిల్లనూ కాదు కాబట్టి ఎవరికీ భయపడక్కర్లేదు అనుకునేదాన్ని. కొన్ని రోజులు ఏడుపొచ్చేది. కానీ కోరిక మాత్రం ఒక్కటే. ఆ ఉత్త చేట పట్టుకున్న మనిషిని ఒక్కసారి అమ్మా అని పిలవాలి. ఆమె పలకాలి.

ఒక ఎండాకాలం సెలవులకు ఊరికి బయల్దేరుతుంటే చిన్నాయన అన్నాడు. "ఇవన్నీ మూఢనమ్మకాలు. పోయి ధైర్యంగా అమ్మా అని పిలువు. ఆకాశమేం ఊడిపడదు." నాకు అది నచ్చింది. బస్సులో ఆళ్లగడ్డ దాకా మనసులో అదే అనుకుంటూ వచ్చాను. ఇంటికి వచ్చేసరికి మా అమ్మ దొడ్లో బట్టలు ఆరేస్తోంది. సంచి కింద పెట్టి, గుండె నిండా గాలి పీల్చుకుని, "అమ్మా" అని పిలిచాను.

ఆమె వెనక్కి తిరగలేదు. చేతిలో చీర అట్లాగే ఉంది. కాసేపటికి ఆ చీర వదిలేసి నాలుగడుగులు పెంటదిబ్బ వైపు నడిచింది. అక్కడ నిలబడి, ఎదురుగా మనిషి ఉంటే చెప్పినట్టు నెమ్మదిగా, స్పష్టంగా చెప్పింది. "నన్ను కాదప్పా. ఆ చెంచామెను పిలిచింది. పిల్ల తల్లిని తలుచుకుంటాంది. నేను దానికేం కాను." తరవాత నా దగ్గరికి వచ్చి, మామూలు గొంతుతో, "కాళ్లు కడుక్కో, సంగటి ఉండాది" అంది. చిన్నాయన చెప్పినట్టు ఆకాశం ఊడిపడలేదు. కానీ ఆమె చేతులు రెండు రోజులు ఏ పనీ సరిగ్గా చేయలేకపోయాయి. నేను ఇంక ఆ పని చేయలేదు.

నేను నంద్యాలలో ఉండగానే అవ్వ పోయింది. కట్టడి చేసిన మనిషి పోయింది కదా, ఇంక సడలుతుందేమో అనుకున్నాను. సడలలేదు. ఇప్పుడు ఆ భారమంతా మా అమ్మ ఒక్కదాని మీదే పడింది.

చదువు ఆపించి సంబంధాలు చూడడం మొదలుపెట్టారు. చిన్నాయనే ఒక సంబంధం తెచ్చాడు. ఉయ్యాలవాడ దగ్గర భూములున్న కుటుంబం, కాపురం నంద్యాలలో. అన్నీ కుదిరాయి. అప్పుడు ఎవరో వాళ్ల చెవిన వేశారు, ఆ పిల్ల చెంచుల పిల్లంట, ఇంట్లో తల్లిని అక్కా అంటుందంట అని. వాళ్లు కబురు పంపారు. మేం వచ్చి పెద్దల ముందు అడుగుతాం, పిల్ల ఎవరి పిల్లో తల్లి నోటితో చెప్పాలి, అని. చిన్నాయన నవ్వేశాడు. "ఇంతే కదా వదినా. నా కూతురే అని ఒక్క మాట అంటే సరిపోతాది."

ఒక్క మాటే. ఆ ఒక్క మాట అంటే నేను చస్తానని మా అమ్మ నమ్మకం. అనకపోతే సంబంధం పోతుంది, నాకు వేరే సంబంధం కూడా రాదు. దారి ఒక్కటే కనిపించింది ఆమెకు. ఆ చెంచామె చేత అమ్మినా అనిపించాలి, అప్పుడు నేను కొన్న పిల్లను కాబట్టి నా పిల్ల అన్నా మృత్యువు జోలికి రాదు. కానీ చెంచు అమ్మ పారువేటకు రావడం మానేసి కొన్నేళ్లయింది. ఉందో లేదో కూడా తెలియదు.

ఎన్నడూ వీధిలోకి రాని మా అమ్మ మర్నాడు పొద్దున్నే చేటెడు తవుడు ఒడిలో పెట్టుకుని బండెక్కింది. నన్ను ఎక్కించుకుంది. నాయన బండి తోలాడు. "ఎందుకప్పా ఇదంతా" అని ఆయన ఒకసారి అన్నాడు, ఆమె చేటను ఒడిలోకి ఇంకా దగ్గరగా లాక్కుంది. దిగువ అహోబిలం దాటాక బండి దారి ఆగిపోయింది. నాయనను బండి దగ్గర ఉండమని చెప్పి, చేట నెత్తిన పెట్టుకుని రాళ్లదారిలో గూడెం వైపు నడిచింది. తవుడు గాలికి ఎగిరిపోకుండా పైన కొంగు కప్పింది. నేను వెనక నడిచాను. మా ఇంటి ఆడవాళ్లు నెత్తిన ఏదైనా మోయడం నేను చూడడం అదే మొదలు.

చెంచు అమ్మ ఉంది. బాగా చిక్కిపోయి, గుడిసె ముందు ఎండలో కూర్చుని ఉంది. ఉండుండి దగ్గుతోంది. నన్ను చూసి లేవబోయి లేవలేక చేతులు చాపింది. అరికాళ్లు చూసింది, జుట్టు చూసింది. ఇంతెత్తు పిల్లనైనా నేను కదలకుండా కూర్చుని చూపించాను. మా అమ్మ చేట తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"తల్లీ, ఈ తవుడు తీస్కో. అమ్మినా అని ఒక్క మాట చెప్పు. దీని పెండ్లి ఆగిపోతాది."

చెంచు అమ్మ తవుడు గుప్పెట్లోకి తీసుకుని వేళ్ల సందుల్లోంచి జారనిచ్చింది. "తవుడు ఏం చేసుకుందుము మేము? మాకు బర్రెలు యాడుండాయి?" అంది. తరవాత, "అమ్మను. నా బిడ్డను నేనెందుకమ్ముతా?" అంది.

"ఉత్త మాటే గదా తల్లీ. అది మా ఆచారం" అంది మా అమ్మ.

"మీకు ఆచారం" అంది ఆమె. కోపంగా కాదు, ఉన్నది ఉన్నట్టు. "అప్పుడు నాకు పుట్టింది పోయి ఎన్నో దినాలు కాలేదు. రొమ్ములు రాయి అయి ఉండె. మీ ముసలామె దిబ్బ మీద బిడ్డుంటాది, ఎత్తుకో అనింది. ఎత్తుకున్యా. అది నా రొమ్ము ఎతుక్కునింది. ఆ దిబ్బ పక్కనే కూచుని పాలిచ్చినా. పాలిచ్చినంక తవుడు తీస్కోని అమ్మమంటే, యాడ అమ్మేది? మీ ఇంట్లో తిండి ఉండాది, మా కాడ లేదు, అందుకు సాకమని చెప్పి వచ్చినా."

ఈ పాల సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మేము ఇన్నేళ్లూ మృత్యువును మోసం చేయడానికి ఆమెను వేషం కట్టమన్నాం అనుకున్నాం. ఆమె వేషం కట్టలేదు. మా అమ్మ నేల మీద కూలబడింది. ఇన్నేళ్లు గడప అవతల వీపు పెట్టి కూర్చున్న మనిషి, అప్పుడు అడిగింది. "మరి నేను దానికేమైతా?"

ఎవరి పిల్లనో తెలియక నేనొక్కదాన్నే ఏడుస్తున్నాననుకున్నాను అన్నాళ్లూ. ఆమెకూ అదే ప్రశ్న ఉందని ఆ మాట వినేదాకా నాకు తట్టలేదు.

చెంచు అమ్మ ఆశ్చర్యంగా చూసింది, ఇది కూడా ఒక ప్రశ్నేనా అన్నట్టు. "నువ్వు కన్న్యావు, నువ్వు సాకినావు. నువ్వూ అమ్మవే. దానికి ఇద్దరమ్మలుంటే దానికేం బరువు?"

"బిడ్డా అని పిలిస్తే దానికేమన్నా అయితే?"

"పిలువు. ఎవుడన్నా అడగను వస్తే నా కాడికి పంపు. అది నా బిడ్డ, దాన్ని ఇడ్సిపెట్టి నన్ను తీస్కపో అని చెప్తా. నేను ఈడే ఉంటా, యాడికీ పోను."

ఆ మాట ఆమె దగ్గుల మధ్య చెప్పింది. గొప్ప మాట చెబుతున్నానన్న ధ్యాస కూడా లేదు ఆమెకు. దేవుడు పల్లకీలో మా ఇంటి ముందుకు ఎన్నిసార్లు వచ్చినా నాకు ఒళ్లు జలదరించలేదు. ఆ గుడిసె ముందు జలదరించింది.

తిరుగు దారిలో తవుడు ఎద్దులకు పెట్టేశాం. బండిలో మా అమ్మ నా ఎదురుగా కూర్చుంది. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. బిడ్డా అంటుందని నేను ఆళ్లగడ్డ వచ్చేదాకా చూశాను. ఊరు వచ్చింది, ఇల్లు వచ్చింది. "దిగు, కాలు జాగర్త" అంది. అంతే.

పెండ్లివాళ్లు వచ్చిన రోజు మా పడసాల నిండిపోయింది. మగవాళ్లు చాపల మీద, ఆడవాళ్లు లోపలి గడప దగ్గర. పెళ్లికొడుకు పెదనాయన గొంతు సవరించుకుని అడిగాడు. "ఏమనుకోవద్దమ్మా. పిల్ల ఎవురి పిల్ల?" చిన్నాయన మా అమ్మకు కళ్లతో సైగ చేశాడు, అనేయమని. నేను తలుపు వెనక నిలబడ్డాను. నా కూతురే అంటే చాలు, సంబంధం నిలుస్తుంది, నాకు అమ్మ దొరుకుతుంది.

మా అమ్మ కొంగు సర్దుకుని చెప్పింది. "మా ఇద్దరి పిల్ల. కన్నది నేను. బతికిచ్చింది ఆ చెంచామె. మా ఇద్దరిలో ఒకరి పేరే చెప్పమంటే నేను చెప్పలేను."

చిన్నాయన తల పట్టుకున్నాడు. ఇంత చదువు, ఇంత లోకజ్ఞానం ఉన్నవాళ్లం అందరం నలుగురికి నచ్చే మాట కోసం వెతుక్కుంటుంటే, గడప దాటని మనిషి నలుగురి మధ్యలో నిజం చెప్పి నిలబడింది. అప్పుడు ఆడవాళ్లలోంచి మా అత్త, అంటే పెళ్లికొడుకు తల్లి, నోరు విప్పింది. గట్టి మనిషి, తేల్చి మాట్లాడుతుంది. "అదంతా సరే వదినా. పెండ్లిలో తల్లికి చీర పెట్టల్ల గదా. యాడ పెట్టల్ల?"

"ఇద్దరికీ" అంది మా అమ్మ.

మా అత్త వేళ్ల మీద లెక్క వేసుకుంది. "సరే. రెండు చీరలు" అంది. మగవాళ్లు ఇంకేమైనా అడుగుదామనుకున్నారేమో కానీ, చీరల లెక్క తేలాక అడగడానికి ఏమీ మిగల్లేదు.

పెండ్లికి చెంచు అమ్మ రాలేకపోయింది. చీర గూడేనికి పంపించారు. నేను నంద్యాల కాపురానికి వెళ్లాను. వెళ్లేటప్పుడు కూడా "వస్తానక్కా" అన్నాను. ఆమె "ఊఁ" అంది. గడప దాటేదాకా అన్నారు కదా, దాటాను. అయినా ఆమె నోరు తెరుచుకోలేదు. ఇంక తెరుచుకోదులే అని నేనూ ఆశ వదులుకున్నాను.

ఏడాది తిరిగాక ఒక పగటి పూట మా అత్తవారింటి ముందు గేటు చప్పుడైంది. చూస్తే మా అమ్మ. ఒక్కతే. ఒంటరిగా బస్సెక్కి నంద్యాల వచ్చింది, వీధులు అడుక్కుంటూ మా ఇల్లు పట్టుకుంది. నుదుటన బొట్టు లేదు, తల విరబోసుకుని ఉంది. మా అత్త కంగారుగా ఎదురు వెళ్లింది. "ఏందీ వదినా, ఇట్ల వచ్చినావు? లోపలికి రా."

"లోపలికి రాగూడదు" అంది మా అమ్మ. "దీని తల్లి చనిపోయింది. తలకు నీళ్లు పోయల్ల."

మా అత్తకు మొదట ఏమీ బోధపడలేదు. దీని తల్లి చనిపోయిందని తల్లే వచ్చి చెబుతోంది. తరవాత ఆమెకు అర్థమైంది. ఇంక ఒక్క ప్రశ్న వేయకుండా వెళ్లి బావి దగ్గర చేద దించింది.

పారువేట పల్లకీతో వచ్చిన గూడెం మనిషి కబురు తెచ్చాడట. పెండ్లి చీర ఆమె కట్టుకోలేదు, దాచి పెట్టుకుంది. చివరికి అదే కప్పి పంపించారట. నన్ను బావి పక్కన బండ మీద కూర్చోబెట్టి మా అమ్మ ఈ సంగతులన్నీ చెప్పింది. చెబుతూ నా జడ విప్పింది. "వాడు వచ్చినట్టుండాడు. ఆమె చెప్పినట్టే చేసింది. నన్ను తీస్కపో అనింది" అంది.

దగ్గు మనిషి, పస్తుల మనిషి, ఆమె అలా పోయిందని నాకు తెలుసు. చిన్నాయన అయితే ఇంకా నాలుగు మాటలు చెప్పేవాడు. నాకు ఎవరి మాటా గుర్తు రాలేదు. ఎండలో చేతులు చాపిన మనిషి ఒక్కతే కళ్లముందు నిలబడింది. మొదటి చెంబు నీళ్లు నెత్తి మీద పడ్డాయి. నాకు తెలియకుండానే గొంతు చించుకుని అరిచాను, "అమ్మా" అని. ఆ పిలుపు కొండ మీది అమ్మకే. ఆ పొగ వాసన కోకకే.

నీళ్లు పోస్తున్న చేయి ఆగింది.

"ఆఁ" అని పలికింది మా అమ్మ. "ఈడే ఉండా బిడ్డా."

నేను తలెత్తి చూడలేదు. చూస్తే ఆమె మళ్లీ ఆ మాట వెనక్కి తీసుకుంటుందేమోనని భయం. తల వంచుకుని, "అమ్మా" అని మళ్లీ అన్నాను. "ఆఁ" అంది. ఇంకో చెంబు పోసింది.